రోడ్డెక్కగానే ఎడమకు

కోస్గి
22 జనవరి 2023

ప్రియమైన ముజఫ్ఫర్ భాయ్,

నువ్వు బస్సు కార్గోలో పంపిన కంప్యూటర్ కాలిపోయింది. ప్లగ్గు పెట్టగానే పొగ, పొగ వెనకే మంట. నాగరాణి బిందెడు నీళ్లు పోసింది, మా అత్త బిక్షమ్మ గంపెడు తిట్లు పోసింది. పక్కింటివాళ్ల గడ్డివాము సగం బూడిద. నీతో సంగతి తేల్చుకోవడానికి వాళ్లు రేపు నల్లగొండ బస్సెక్కుతున్నారు.

ఇక్కడిదాకా చదివి చెమటలు పట్టాయా? ఒట్టి అబద్ధం. డబ్బా చెక్కుచెదరకుండా చేరింది. పానా వదిలేసి మౌసు పట్టుకున్నావు గదా, కంప్యూటర్ల షాపు ఓనరువయ్యావు గదా, మహబూబ్‌నగర్ షెడ్డులో మనిద్దరం గ్రీజు పూసుకుని బతికిన రోజుల్లోలాగే నీ గుండె దడదడమంటుందా, లేక గట్టిపడిందా అని చూశాను.

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేందని అడుగుతావు. డబ్బాలో కాగితం మడిచి పెట్టి మొదలుపెట్టింది నువ్వే. ఒక రకంగా మంచిదే అయింది. నేను ఫోనెత్తితే మా ఇంట్లో రెండు జతల చెవులు లేచి నిలబడతాయి. ఉత్తరానికి ఆ ఫికర్ లేదు. ఏడో తరగతిలో ఆగిపోయిన నా రాత ఇంట్లో ఎవరికీ అర్థం కాదు. చిరునామా మాత్రం పోస్టాఫీసులో ఇంకొకరితో రాయిస్తున్నాను.

సరే, కంప్యూటర్‌లో నువ్వు వేసి పంపిన విమానాల ఆట సంగతి. నీ కాగితంలో రాశావు: తోక కింద చిన్న చక్రమున్న పసుపు విమానం ఒక్కటే నడుపు, మిగతావి ముట్టకు అని. ఎందుకో రాయలేదు. ముట్టకు అన్నాక ముట్టకుండా ఉండే మనిషినా నేను? అన్నీ ముట్టాను. ముక్కు కింద చక్రమున్న తెల్ల విమానం ఒకటి మేకపిల్ల లాగా బుద్ధిగా చెప్పినట్టు పోయింది. నీ పసుపుదానికి మాత్రం నాతో ఏదో పాత పగ ఉన్నట్టుంది. ముక్కు మొగులుకేసి ఎత్తి కూర్చుంటుంది, ముందు ఏముందో కనిపించదు. నాలుగు గజాలు పోతే తోక నేను ముందొస్తానంటుంది. గిర్రున తిరిగి రెక్క నేలకు కొట్టుకుని ఆగుతుంది. ఎనిమిదిసార్లు చేశాను, ఎనిమిదిసార్లూ అంతే. ఎందుకలా చేస్తుంది?

మా అత్త నీకు తెలియనిది కాదు. పెళ్లయి ఇరవై రెండేళ్లయినా అల్లుడితో నేరుగా మాట్లాడదు. కూతురికి చెబుతుంది, గోడకు చెబుతుంది, ఎవరూ లేకపోతే మేకకు చెబుతుంది. నేను వినాలి. ఎనిమిదోసారి విమానం తిరగబడగానే మేక వైపు తిరిగింది.

"సూసినవానే? నన్నొక్కదాన్ని బోల్త గొట్టిస్తే ఆశ దీరలే. ఇగ మొగులు మీదోళ్లను గూడ బోల్త గొట్టిస్తడట."

వంకర చెయ్యి ఎత్తి చూపించింది. ఇంకేముంది, దసరా నాటి మద్దూరు రోడ్డు కథ మళ్లీ మొదలు. ట్రాక్టర్ మడ్‌గార్డు మీద ఆమె కూర్చోవడం, బర్రె అడ్డం రావడం, నేను బ్రేకు తొక్కడం, బండి ఒక్కసారిగా ఎడమకు గుంజుకుని గుంతలో పడటం, ఆమె చెయ్యి విరగడం. ఈ ఏడాదిన్నరలో ఆమె బ్రేకుల మేస్త్రీ అయిపోయింది. ఇంటికి ఎవరొచ్చినా పాఠం చెబుతుంది.

"దున్నేటప్పుడు రెండు బ్రేకులు యాడిదాడ విడిగుండాలె, మూల తిరగనీకె. రోడ్డెక్కంగనే కొండి ఏసి రెండిటిని జోడు గట్టాలె. లేకుంటె ఒక్క దిక్కే పట్టి బండి తిరగవడ్తది. గీయన కొండి మరిసిండు, నా చెయ్యి పాయె."

నేను కాదనలేదు. ఆ రోజు కొండి వేశానో లేదో నాకు గుర్తు లేదు. గుర్తు లేదంటే వేయలేదనే గదా.

ట్రాక్టర్‌ను గుంతలోంచి లాగి ఇంటి వెనక ఎలా పడేశారో అలాగే ఉంది, టార్పాలిన్ కప్పుకుని. నేను మళ్లీ ఎక్కలేదు. బోరు మోటర్లు బాగు చేసుకుంటూ కాలం గడుపుతున్నాను. నాగరాణి గడువు పెట్టింది. తొలకరి మిరుగు కార్తెకు బండి పొలంలోకి దిగాలి, లేకపోతే పక్క ఊరి మైసయ్యకు అమ్మేయాలి. ఆమె ముందు నవ్వి ఊరుకున్నాను. నీకు దాచడమెందుకు, లోపల నవ్వు రాలేదు. ఇరవై ఐదేళ్లు స్టీరింగ్ పట్టిన మనిషిని, అది లేకపోతే నేనెవరిని?

బూడిద కాని ఇంటి నుంచి,
నీ ఐలేశం


నల్లగొండ
4 ఫిబ్రవరి 2023

ప్రియమైన ఐలేశం,

మొదటి నాలుగు లైన్లు చదివి నేను నిజంగానే బస్టాండుకు బయలుదేరాను. చెప్పులేసుకున్నాక మా ఇంటామె జులేఖా మిగతా కాగితం చదివింది. "మీ దోస్తుకు యాభై ఏండ్లొచ్చినయ్ గని అకల్ రాలే" అంది. నలభై ఎనిమిదేనని సర్దిచెప్పాను.

నీ ప్రశ్నకు జవాబు. ముక్కు చక్రమున్న విమానంలో బరువు పెద్ద చక్రాలకు ముందు ఉంటుంది. కొంచెం పక్కకు పోయినా ఆ బరువే దాన్ని తిన్నగా లాగుతుంది. పసుపుదానికి బరువు పెద్ద చక్రాలకు వెనక. వెనకున్న బరువు ముందుకు రావాలని చూస్తుంది. కొంచెం పక్కకు జరిగిందంటే ఇంకొంచెం జరుపుతుంది. నువ్వు ట్రాలీని రివర్సులో నెట్టినప్పుడు ఏమవుతుంది? అదే ఇది. కోస్గి మార్కెట్లో రెండు బండ్ల సందులోకి ట్రాలీని వెనక్కి పెట్టి, నోట్లో బీడీ ఆరకముందే దిగేవాడివి. అలాంటి మనిషికి ముక్కు చక్రం విమానం ఇస్తే నాకు సిగ్గుచేటు.

బాణం గుర్తులు వదిలెయ్. దీన్ని కాళ్లతో నడపాలి. ఈ పార్సిల్లో చేతికి పట్టుకునే కట్టె ఒకటి, పాత రేడియోల వాల్యూమ్ కంట్రోళ్లు రెండు, వాటిని కంప్యూటర్‌కు కలిపే చిన్న డబ్బా పంపుతున్నాను. రెండు పెడళ్లు నువ్వే తయారు చేసి, ఒక్కోదానికి ఒక్కో కంట్రోలు బిగించు. ఎడమ పెడలు ఎక్కువ దిగితే విమానం ఎడమకు, కుడిది ఎక్కువ దిగితే కుడికి తిరుగుతుంది.

చేతి కట్టెను కడుపు దగ్గరికి లాగి పట్టుకో, తోక నేలకు అంటుకుని ఉంటుంది. ముందు కనిపించదు కాబట్టి కాస్త కుడికి, కాస్త ఎడమకు వంకరలు తిరుగుతూ పో, పక్కల నుంచి దారి చూసుకో. పక్కకు పోయాక సరిచేయడం కాదు, పోబోతుండగానే పట్టాలి. పాదాలు చిన్నగా, త్వరగా ఆడాలి. ఎగరడం గురించి ఇప్పుడే అడగకు. ముందు నేల మీద తిప్పడం నేర్చుకో.

పెద్దమ్మ చెయ్యి చలికి గుంజుతోందా? అడిగినట్టు చెప్పు.

నీ క్షేమం కోరే
ముజఫ్ఫర్


కోస్గి
2 మార్చి 2023

ప్రియమైన ఉస్తాద్ ముజఫ్ఫర్‌కు శిష్యుడి సలాం,

పెడళ్లు తయారైనాయి. పాత ఇనుము షాపులో తుక్కు కింద పడి ఉన్న ట్రాక్టర్ బ్రేకు పెడళ్ల జంట దొరికింది. జంట జంటగానే ఊడదీసి చెక్కకు బిగించాను. స్ప్రింగులు మాత్రం సైకిల్ సీటువి. కుర్చీ ముందు పెట్టి పాదం ఆనించగానే, భాయ్, ఏం చెప్పాలి, అరికాలు ఆ ఇనుమును గుర్తుపట్టింది. చెప్పులు విడిచి ఉత్త కాలితో కూర్చున్నాను, బండి మీద కూర్చున్నట్టే.

ఇక విను. ఆటలో విమానం మొదట గడ్డి మైదానంలో ఉంటుంది గదా, అక్కడ నేను రాజును. నువ్వు చెప్పిన వంకరలన్నీ తిరిగాను. నిలబెట్టిన నాలుగు విమానాల మధ్య సందులోంచి తీసుకొచ్చాను. తోక పోతానంటే పోబోయే ముందే పట్టాను. రివర్సు ట్రాలీ మాట చెప్పావు చూడు, ఆ ఒక్క మాటతో తాళం తెరుచుకుంది. నాగరాణి కూడా పొయ్యి దగ్గర నుంచి వచ్చి చూసి, "అబ్బో, గిదేదో నిజంగనే వొస్తాంది నీకు" అంది. నాగరాణి నన్ను మెచ్చుకోవడం పెళ్లయినాక ఇది మూడోసారి.

అయితే ఒక తిరకాసు ఉంది. గడ్డి మీది నుంచి నల్లటి తారు రోడ్డెక్కగానే, ఆ పైకెగిరే రోడ్డు, విమానం ఎడమకు పోతుంది. రేసు ఇవ్వగానే ఎడమకు. ప్రతిసారీ ఎడమకే. రోడ్డు దిగి, గడ్డిలో పడి, గిర్రున తిరిగి రెక్క విరుగుతుంది. పంతొమ్మిదిసార్లు గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టాను. ఇరవయ్యోదానికి మా అత్త గోడతో అంది, "గోడా, నీకు సున్నమేసింది గిందుకేనా?"

గడ్డి మీద వినే జంతువు రోడ్డు మీద ఎందుకు వినదు? అదే విమానం, అవే కాళ్లు. నాకు అన్నం తింటున్నా ఇదే, మోటరు విప్పుతున్నా ఇదే. నిన్న ఒకరి మోటరుకు వైర్లు తారుమారు చేసి కలిపాను, నీళ్లు రాలేదు. నాకు చేతకాక కాదు, బుర్ర రన్‌వే మీద ఉంది.

ఇంకొక కుతూహలం కూడా ఉంది, చాలా రోజులుగా అడగాలనుకుంటున్నాను. కోస్గిలో అంత బాగా నడిచే నీ ట్రాక్టర్ మరమ్మతు షాపు, నేను గుంతలో పడ్డ నెలలోనే ఎందుకు మూసేశావు? మోకాళ్ల నొప్పులన్నావు. పానా మోకాళ్లతో తిప్పేవాడివా? నల్లగొండలో కుర్చీలో కూర్చుంటే మోకాళ్లు వంగవా? రాయి, వింటాను.

గోడ పాడుచేసినవాడు,
ఐలేశం


నల్లగొండ
11 మార్చి 2023

ప్రియమైన ఐలేశం,

పెడళ్ల సంగతి చదివి సంతోషమైంది. ఎడమకు పోవడానికి నాకు తెలిసిన కారణాలు రాస్తున్నాను. ఒక్కొక్కటే చూడు, అన్నీ ఒకేసారి మార్చకు.

ఇంజను ముందు పంఖా ఒకే వైపు తిరుగుతుంది. రేసు ఎక్కువ ఇచ్చినకొద్దీ ముక్కును ఎడమకు లాగుతుంది. ఆ విమానం జాతే అంత. రేసు మెల్లగా ఇస్తూ కుడి పెడలు కొంచెం తొక్కి ఉంచాలి. గడ్డి మీద నువ్వు తక్కువ రేసుతో తిప్పుతున్నావు కాబట్టి అక్కడ తెలియదు.

తర్వాత గాలి. ఆటలో ఎడమ నుంచి గాలి పెట్టి ఉంటే ముక్కు గాలికి ఎదురు తిరుగుతుంది. దాన్ని సున్నా చెయ్.

ఇంకా, చేతి కట్టె. తొందరపడి ముందుకు తోస్తే తోక లేస్తుంది, నేల మీద పట్టు పోతుంది. వేగం అందుకునే దాకా వెనక్కే పట్టుకో.

ఈ మూడూ చూసి రాయి. షాపులో రష్‌గా ఉంది, ఇంతటితో ఆపుతున్నాను.

నీ
ముజఫ్ఫర్


కోస్గి
29 మార్చి 2023

ప్రియమైన ముజఫ్ఫర్ భాయ్‌కి,

మోకాళ్ల గురించి నువ్వు జవాబు రాయలేదని గమనించాను. నా కళ్లు బాగానే ఉన్నాయి.

నీ మూడు కారణాలూ తీసుకుని రెండు వారాలు కూర్చున్నాను. గాలి సున్నా చేశాను, ఎడమకే పోయింది. చేతి కట్టెను కడుపులో గుచ్చుకునేలా పట్టుకున్నాను, ఎడమకే పోయింది. రేసు పెళ్లికూతురికి నడక నేర్పినట్టు మెల్లగా ఇచ్చాను, మెల్లగా ఎడమకు పోయింది. ఇక పట్టరాని కోపమొచ్చి కుడి పెడలు మీద నా బరువంతా వేసి తొక్కాను. చెక్కకు ఆనింది భాయ్. చెక్క కిర్రుమంది. విమానం వినలేదు. నేను అక్కడ లేనట్టే దాని దారిన అది పోయింది. మళ్లీ గడ్డి మీద మొదలుపెడితే అదే కుడి పెడలు, పాదం మోపితే చాలు, తిరుగుతుంది. వైర్లు విప్పి చూశాను, బిగువుగానే ఉన్నాయి. కంప్యూటర్‌కు నా కాలు రోడ్డు మీద ఉందో గడ్డి మీద ఉందో ఎవరు చెబుతున్నారు?

మొన్న మైసయ్య వచ్చాడు. టార్పాలిన్ ఒక మూల ఎత్తి, టైరు మీద చెయ్యేసి, బర్రె పళ్లు చూసినట్టు చూశాడు. నేను లోపలికి వచ్చేశాను. నాగరాణి వెనకే వచ్చింది.

"ఎక్కు, ఒక్కసారి ఎక్కు. స్టార్టు గూడ జెయ్యకు, ఊకె కూసో. కూసుంటవా?" అంది.

తమాషాగా ఏదో అన్నాను. ఆమె నవ్వలేదు. "ఊరందర్ని నవ్విస్తవ్. నా ముంగట గిట్ల జేస్తే నాకు ఏడుపొస్తది" అని పోయింది.

నీకు ఒక మాట రాస్తాను, ఇంకెవరికీ చెప్పకు. ఆ పసుపు విమానం ఎడమకు గుంజిన ప్రతిసారీ నాకు మద్దూరు రోడ్డు గుర్తొస్తుంది. అదే గుంజుడు. కాలు తొక్కుతుంటుంది, బండి వినదు. నా కాలికే ఏదో తెగులు పట్టిందేమోననిపిస్తుంది. అలాంటి కాలు పెట్టుకుని ట్రాక్టర్ ఎలా ఎక్కను? ఇంకొకరి చెయ్యి విరిచేందుకా? విమానాన్ని ఒక్కసారి తారు మీద తిన్నగా పోనిస్తే బండి ఎక్కుతానని నాకు నేను ఒట్టు పెట్టుకున్నాను. లేకపోతే మైసయ్యదే.

నీ
ఐలేశం


నల్లగొండ
5 ఏప్రిల్ 2023

ప్రియమైన ఐలేశం,

నీ కాలికి తెగులు లేదు. ఆ మాట మళ్లీ రాయకు.

పని ఒక్కటే. నువ్వు ఆడేటప్పుడు నీ కళ్లు తెర మీద ఉంటాయి, చూసేవాళ్ల కళ్లూ తెర మీదే ఉంటాయి. తెర చూడకుండా నీ పాదాలను మాత్రమే చూసేలా ఎవరినైనా కింద కూర్చోబెట్టు. గడ్డి మీది నుంచి రోడ్డు ఎక్కే దాకా ఏం చేశాయో చెప్పమను. వాళ్లకు విమానం గురించి ఏమీ తెలియకపోతే ఇంకా మంచిది.

ముజఫ్ఫర్


కోస్గి
21 ఏప్రిల్ 2023

ప్రియమైన ముజఫ్ఫర్,

దొరికింది! దొంగ దొరికాడు! వాడు నా కాలికే ఉన్నాడు.

నువ్వు చెప్పినట్టు ఎవరిని కూర్చోబెట్టాలా అని చూస్తే, మా అత్త ఇప్పటికే కింద కూర్చుని ఉంది. చింతపండు గింజలు తీస్తోంది. నేను నాగరాణితో అన్నాను, మీ అమ్మను నా కాళ్ల మీద ఒక కన్నేయమను అని. అత్త గోడతో అంది, "ఆయన కాళ్లు సూసుకుంట కూసోనీకె నాకేం పనిలేదా?" అంటూనే జరిగి దగ్గరికి కూర్చుంది.

గడ్డి మీద తిప్పాను. రోడ్డెక్కాను. ఎడమకు పోయింది. మళ్లీ గడ్డి, మళ్లీ రోడ్డు. మూడోసారి ఆమె చేతిలో చింతపండు కింద పెట్టేసింది.

"నాగీ, నీ మొగన్ని అడుగు, ఆయన కాలి బొటనేలు ఏం జేస్తాందో."

"ఏం జేస్తాందమ్మా?"

"గా రెండు పెడళ్ల నడుమ గుబ్బ లెక్క ఉన్నది సూడు. నల్ల రోడ్డు రాంగనే బొటనేలు దాన్ని టక్కున దోస్తాంది. గడ్డి మీదికి రాంగనే తీస్తాంది."

వంగి చూశాను. కొండి, భాయ్. ట్రాక్టర్ బ్రేకుల జంటను జంటగా బిగించాను గదా, నడుమ వాటిని కలిపే కొండి కూడా అలాగే ఉంది. తారు కనబడగానే నా బొటనవేలు వేసేస్తోంది, రెండు పెడళ్లూ జోడు అయిపోతున్నాయి. ఇక ఏది తొక్కినా రెండూ సమంగా దిగుతాయి, విమానానికి ఎటు పోవాలో చెప్పేవాడే లేడు. పంఖా ఎడమకు లాగితే ఎడమకు పోతుంది. రెక్క విరిగాక ఆట మళ్లీ గడ్డి మీద మొదలవుతుంది, వేలు కొండి తీసేస్తుంది. నేను కిందికి చూసేసరికి అంతా మామూలే. నాకు తెలియకుండా, నన్నడగకుండా, ఇరవై ఐదేళ్ల అలవాటు నా కాలితో విమానం కూల్చింది.

నేను పడీ పడీ నవ్వాను. నాగరాణి నవ్వింది. అత్త నవ్వలేదు. చింతపండు జిగురుతో ఉన్న వేళ్లు అలాగే గాల్లో పెట్టుకుని నా కాలి వైపే చూస్తోంది. తర్వాత, ముజఫ్ఫర్, ఇరవై రెండేళ్లలో మొదటిసారి తల ఎత్తి నా ముఖంలోకి చూసి మాట్లాడింది.

"అల్లుడా. గా దినం గూడ నువ్వు కొండి ఏసినవ్."

నేను మళ్లీ ఆ బొటనవేలి వైపు చూశాను.

"రోడ్డు బొమ్మ సూస్తెనే ఏస్తాంది గా ఏలు. నిజం రోడ్డు మీద మరుస్తదా?"

ముగ్గురం ఇంటి వెనక్కి నడిచాం. టార్పాలిన్ నాగరాణే గుంజింది. ఏడాదిన్నరగా ఊరందరూ కొండి కథ చెప్పుకున్నారు, నేనూ తల ఊపాను, ఒక్కడంటే ఒక్కడు వంగి చూసిన పాపాన పోలేదు. చూశాను. కొండి వేసి ఉంది. తుప్పు పట్టి అతుక్కుపోయింది, సుత్తితో కొడితే గానీ రాలేదు.

మరి బండి ఎడమకు ఎందుకు గుంజింది? కుతూహలం ఆగుతుందా? అక్కడే కింద దూరాను. ఎడమ బ్రేకు గట్టిగా ఉంది. కుడిది వదులు. కుడి రాడ్డు చివర లాక్ నట్టు మరచుట్ల మీద వేలెడు వెనక్కి వచ్చేసి వేళ్లాడుతోంది. జోడు కట్టి తొక్కినా ఎడమదే పట్టింది.

ఆ నట్టు అలా ఎందుకుంది? రోడ్డు కుదుపులకు ఊడిందా? ఆ బండి కడుపు నాకన్నా నీకే బాగా తెలుసు. ఆలోచించి రాయి.

నీ
ఐలేశం


నల్లగొండ
14 మే 2023

ప్రియమైన ఐలేశం,

మూడు వారాల్లో నాలుగు ఉత్తరాలు రాసి చింపాను. ఇది చింపకుండా పోస్టు చేస్తానని జులేఖాకు మాటిచ్చాను.

ఆ నట్టు కుదుపులకు ఊడలేదు. నేను బిగించలేదు.

దసరాకు ఐదు రోజుల ముందు నువ్వు బండి నా షాపులో పెట్టి పోయావు. రెండు బ్రేకులూ సరిచేశాను. ఎడమ నట్టుకు పానా వేసి బిగించాను. కుడి నట్టు వేళ్లతో తిప్పి, పానా కోసం చెయ్యి చాపాను. అప్పుడే ఎవరో గిరాకీ పిలిచారు. బయటికి వెళ్లాను, మాటల్లో పడ్డాను. తిరిగొచ్చేసరికి నువ్వు వచ్చి ఉన్నావు. నా సీటు మీద గ్రీజు పూశావు, నేను కూర్చున్నాను, అందరూ నవ్వారు. ఆ నవ్వులో తాళం చెవి నీ చేతిలో పెట్టాను.

బోల్తా పడిందని తెలిసిన క్షణంలోనే నాకు ఆ నట్టు కళ్లముందు కనబడింది. దవాఖానకు వచ్చాను చెప్పడానికి. అక్కడ నువ్వు అందరి ముందూ "నేనే కొండి మరిసిన" అంటున్నావు. నోరు తెరిచాను, మూసుకున్నాను. రేపు చెబుదామనుకున్నాను. ఆ రేపు ఏడాదిన్నర అయింది. మోకాళ్లకు ఏమీ కాలేదు. ఆ రోజు తర్వాత ఏ నట్టు బిగించినా నమ్మకం కలగక మళ్లీ విప్పి మళ్లీ బిగించేవాణ్ణి, ఒకే బండికి పొద్దంతా. అందుకే మూసేశాను.

నువ్వు బండెక్కడం లేదని విన్నాక కంప్యూటర్ పంపాను. తోక చక్రం విమానమే ఎందుకంటే అది కాళ్లను వదలనివ్వదు, నీ పాదాలు మళ్లీ పెడళ్ల మీదికి వస్తాయనుకున్నాను. నీ పెడళ్లకు కొండి ఉందన్న సంగతి నాకు తెలియదు, నిజం. నువ్వు బండెక్కితే చాలు, నేను చెప్పకపోయినా పరవాలేదని ఆశపడ్డాను. అదీ నిజమే.

పెద్దమ్మకు నువ్వు చెప్పకు. నేనే వచ్చి, నా నోటితో చెబుతాను.

నీ సలాం తీసుకునే అర్హత లేని
ముజఫ్ఫర్


కోస్గి
20 మే 2023

ముజఫ్ఫర్ భాయ్,

అందింది. పానా పట్టుకుని రా. నువ్వు వచ్చి బిగించే దాకా ఆ బండి ఎక్కను. మిరుగు దగ్గరికొచ్చింది, మైసయ్య రెండుసార్లు వచ్చిపోయాడు.

ఐలేశం


కోస్గి
12 జూన్ 2023

ప్రియమైన ముజఫ్ఫర్ భాయ్,

నువ్వు వచ్చిపోయి పది రోజులైంది. ముందు కబురు, తర్వాత కొరడా.

నాలుగు రోజుల కింద వాన పడింది. మైసయ్య తయారై వచ్చాడు, వెంట డ్రైవర్‌ను కూడా తెచ్చుకున్నాడు. నేను చెప్పులు విడిచి బండెక్కాను. గేటు దాటి తారు ఎక్కగానే కిందికి చూశాను. బొటనవేలు తన పని తాను చేసేసింది. ఖాళీ రోడ్డు చూసుకుని బ్రేకు తొక్కాను, బండి గీత గీసినట్టు తిన్నగా ఆగింది. మైసయ్యతో అన్నాను, "బండి ఇయ్య గని, నీ చేను దున్నిపెడ్త, పా." పొద్దు గూకే దాకా దున్నాను. బండి అమ్మకం లేదు. నాగరాణి ఆ రోజు కోడిని కోసింది, నాలుగోసారి మెచ్చుకున్నట్టే లెక్క. విమానం కూడా ఇప్పుడు తారు మీద తిన్నగా లేస్తోంది. పెడళ్ల నడుమ కొండిని సుత్తితో ఊడగొట్టాను, నా కాలిని నమ్మలేక.

ఇంకొకటి. తప్పంతా నీదేనని రాశావు. దసరా ముందు నాలుగు రోజులు ఆ బండి నడిపింది నేను. మార్కెట్ దిగుడులో బ్రేకు తొక్కితే కొంచెం ఎడమకు జరిగింది. కాలికి తెలిసింది. ముజఫ్ఫర్ నిన్ననే చేశాడు గదా, సర్దుకుంటుందిలే అనుకున్నాను. పోబోతుండగానే పట్టాలని నాకు పాఠం రాశావు చూడు, నేను పట్టలేదు. ఇది నాగరాణికి, అత్తకు చెప్పేశాను. ఇద్దరూ చెరొక పూట తిట్టారు.

ఇప్పుడు కొరడా. నువ్వు వచ్చావు. నట్టు బిగించావు, విప్పావు, మళ్లీ బిగించావు, నేను లెక్కపెట్టాను, ఏడుసార్లు. భోజనానికి కూర్చున్నావు. మా అత్త ఆ వంకర చేత్తోనే నీకు జొన్నరొట్టె వడ్డించింది. "ఇంకోటి ఏసుకో బిడ్డా, ఇంకేమన్న గావాల్నా, ఏమన్న జెప్తవా" అని రెండుసార్లు అడిగింది. నువ్వు రొట్టె వైపు చూస్తూ "సాలు పెద్దమ్మా" అన్నావు. చేతులు కడుక్కున్నావు. బస్సుకు టైమైందన్నావు. పోయావు.

ఆమె అలా ఎందుకు అడిగిందో చెప్పనా? నువ్వు రావడానికి వారం ముందే నీ ఉత్తరం మొదటి అక్షరం నుంచి చివరి దాకా ఆమెకు చదివి వినిపించాను. చెప్పకు అన్నావు. ముట్టకు అంటే ముట్టకుండా ఉండనని మొదటి ఉత్తరంలోనే రాశాను గదా. విని ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని మడిచింది. తర్వాత "రానీ. ఆయన్నే జెప్పనీ. నాకు తెల్సని మీరెవ్వలు అనకుండ్రి" అని మా ఇద్దరితో ఒట్టు వేయించుకుంది. రొట్టెలు నాగరాణిని చేయనివ్వలేదు, ఆమే చేసింది.

నీ బస్సు పోయాక గేటు దగ్గరే నిలబడింది. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను. ఇప్పుడు నాతో నేరుగానే మాట్లాడుతోంది, గోడకు విశ్రాంతి దొరికింది. ఏమందో అన్నది అన్నట్టే రాస్తున్నాను, ఒక్క అక్షరం నాది కాదు.

"అల్లుడా, ఉత్తరం రాసినోడు మంచోడు. రొట్టె దిని పోయినోడే పిరికోడు. గా మొదటోన్ని రమ్మను."

ఎదురుచూసే ఇద్దరిలో ఒకడు,
ఐలేశం